ఎవరి మాట మీద మేల్కోవాలి?

మీట నొక్కాక కెర్నల్ కళ్లు తెరిచే తొలి మిల్లీసెకన్లలో దానికి తెలిసింది బహు తక్కువ. తన చుట్టూ ఎంత మెమరీ ఉందో తెలియదు. అందులో ఏ ముక్క వాడుకోవచ్చో, దేన్ని ముట్టుకుంటే యంత్రం చతికిలబడుతుందో తెలియదు. ఈ సంగతులన్నీ రాసిపెట్టుకోవాలంటే కాస్త మెమరీ కావాలి; ఆ కాస్తా ఎక్కడ తీసుకోవాలో తేలాలంటే ముందు ఈ సంగతులు తెలియాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత బూట్ కోడ్ రాసేవాళ్ల వీధిలోనే పుట్టి ఉంటుందని నా అనుమానం. లినక్స్ ఈ చిక్కును ఒక చిన్న ఏర్పాటుతో దాటుతుంది. కంపైల్ చేసేటప్పుడే 128 గడులేసి ఉన్న పట్టికలు రెండు కెర్నల్ ఒంట్లో భాగంగా పెట్టేస్తారు. మెమ్‌బ్లాక్ అనే తొలినాటి పద్దుల వ్యవస్థ ‘ఇది ఉన్న మెమరీ’ అని ఒకదానిలోనూ, ‘ఇది ఇప్పటికే ఎవరో తీసుకున్నది’ అని రెండోదానిలోనూ రాసుకుంటూ పోతుంది. గడులు చాలకపోతే తర్వాత పెంచుకుంటుంది. మొదటి పేజ్ టేబుళ్లు కొన్ని కూడా ఇలాగే కెర్నల్ వెంట వస్తాయి. రాసుకోవడానికి చోటు దొరికింది సరే, రాయాల్సిన సంగతి చెప్పేదెవరు?

ఉత్త యంత్రం మీదైతే ఫర్మ్‌వేర్ చెబుతుంది. పీసీ ప్రపంచంలో ఆ పత్రం పేరు ఈ820. బయోస్‌ను ఆ సంఖ్యతో పిలిస్తే ఒక్కో వరుసా అప్పజెబుతుంది: ఇక్కడి నుంచి ఇంతదాకా ర్యామ్, ఇక్కడి నుంచి ఇంతదాకా పరికరాలది, ముట్టుకోవద్దు. దీనిలో కెర్నల్ స్వయంగా చూసి తెలుసుకున్నదేమీ లేదు. అడ్రసులో ఏదో రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని పరీక్షించే పాత పద్ధతి ఒకటుంది గానీ, అక్కడ ర్యామ్‌కు బదులు ఏ పరికరం రిజిస్టరో ఉంటే ఆ పరీక్షే కొంప ముంచుతుంది. కాబట్టి చెప్పిన మాట నమ్మాలి. అడంగల్‌లో రాసిన విస్తీర్ణం చూసి పొలం కొన్నవాడి పరిస్థితి ఇది. కాగితం మీద ఎకరం, దిగి చూస్తే అందులో పక్కవాడి గట్టు. లినక్స్‌కు ఆ అనుభవం బాగానే ఉంది. ఈ820 వరుసలు ఒకదానిమీద ఒకటి ఎక్కి వస్తే సర్దుకునే కోడ్ అందులో చాలాకాలంగా ఉంది. కొన్ని బయోస్‌లు కింది మెమరీని చెప్పాపెట్టకుండా పాడుచేస్తాయి కనుక 2021 నుంచి మొదటి 1 ఎంబీని మొత్తంగా పక్కన పెట్టేస్తోంది. పత్రం మీద ‘వాడుకోవచ్చు’ అని రాసి ఉన్నా సరే.

అలాంటప్పుడు ఒకే యంత్రం మీద పలు ఆపరేటింగ్ సిస్టమ్‌లను నడిపించే హైపర్‌వైజర్ వచ్చి కొత్తగా తెచ్చిన చిక్కేమిటి, అప్పుడూ పత్రమే ఇప్పుడూ పత్రమే కదా అని అడగవచ్చు. తేడా ఉంది. ఫర్మ్‌వేర్ పత్రంలో తప్పుంటే అది పొరపాటు. హైపర్‌వైజర్‌కు ఉన్నది లేనట్టూ లేనిది ఉన్నట్టూ చూపడమే వృత్తి. పైగా ఫర్మ్‌వేర్ తన మాట చెప్పి చాలామటుకు తప్పుకుంటుంది. హైపర్‌వైజర్ యంత్రం ఆగేదాకా కిందనే ఉంటుంది, తాను చెప్పినదాన్ని మధ్యలో మార్చగలదు కూడా. కాబట్టి హైపర్‌వైజర్ మీద లేచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే గెస్ట్‌ను, తొలి క్షణంలో ఏమని నమ్మించాలి అన్నది ఇంజనీరింగ్ ప్రశ్న అయినంతగానే నీతి ప్రశ్న కూడా. దానికి రెండు జవాబులు చరిత్రలో పోటీపడ్డాయి: పూర్తి మాయ ఒకటి, పూర్తి నిజం ఒకటి. ఈ పోటీలో నేను ఏ పక్షమూ కాదు. బూట్ కోడ్ చరిత్ర చదివితే నాకు అర్థమైందల్లా, గెస్ట్‌ను ముంచింది హైపర్‌వైజర్ చెప్పిన అబద్ధాలు కావు, మోయించిన నిజాలు కూడా కావు. ఇరుపక్షాలూ మనసులో పెట్టుకుని ఎక్కడా రాయని షరతులు.

మాయ పక్షం పాతది. ఐబీఎం 1972లో వీఎం/370 ప్రకటించినప్పుడు, లోపల నడిచే వ్యవస్థకు తాను అసలు యంత్రం మీదే ఉన్నట్టు అనిపించాలన్నది మూలసూత్రం. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు దీన్ని లాంఛనంగా నిర్వచించారు: లోపలి ప్రోగ్రాం బయట ఎలా ప్రవర్తిస్తుందో లోపలా అలాగే ప్రవర్తించాలి, వనరుల అదుపు పూర్తిగా హైపర్‌వైజర్ చేతిలో ఉండాలి, వేగం పెద్దగా పోకూడదు. అందమైన నిర్వచనం. కానీ మన బల్లల మీదికి వచ్చిన ఎక్స్86 ప్రాసెసర్ ఆ నిర్వచనానికి లొంగలేదు. హైపర్‌వైజర్‌కు తెలియకుండా జారిపోయే సున్నితమైన ఆదేశాలు అందులో 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధన లెక్కతేల్చింది. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ ఈ గోడను ఎక్కే ప్రయత్నం మానేసి పక్కదారి పట్టింది. దాచలేనప్పుడు చెప్పేయడమే మేలు కదా! నువ్వు ఉన్నది అసలు యంత్రం మీద కాదు, నీకు ఇచ్చిన మెమరీ ఇదుగో, ఒక్కో పేజీ అసలు యంత్రంలో ఎక్కడుందో ఇదుగో జాబితా, పేజ్ టేబుల్ మార్చాలంటే నన్నడుగు అని గెస్ట్‌కు చెప్పేసింది. దీని కోసం లినక్స్‌లో మార్చినది 3 వేల వరుసల లోపే. విండోస్ ఎక్స్‌పీని కూడా ప్రయోగశాలలో మార్చి చూశారు గానీ అది జనం చేతికి రాలేదు. నిజం చెప్పే పద్ధతికి ఉన్న తొలి ఇబ్బంది ఇదే. విన్నవాడు మారగలిగితేనే నిజం పనికొస్తుంది. సోర్స్ కోడ్ తాళంవేసి ఉన్నవాడికి ఎంత నిజం చెప్పినా వృథా.

జెన్ పెట్టిన ప్రారంభ ఒప్పందం చూడముచ్చటైనది. హెడర్ ఫైలులో వ్యాఖ్యగా, ఏడు అంశాలుగా రాసి ఉంటుంది. కెర్నల్, ఆ తర్వాత తొలి ర్యామ్‌డిస్క్, ఆ తర్వాత పేజీల జాబితా, ఆ తర్వాత స్టార్ట్ ఇన్ఫో అనే పరిచయ పత్రం, ఆ తర్వాత తొలి పేజ్ టేబుళ్లు, చివర స్టాక్, ఈ వరుసలోనే, ఒక్కొక్కటీ 4 కేబీ హద్దు మీద మొదలవుతుంది. చివరి వస్తువు తర్వాత కనీసం 512 కేబీ ఖాళీ ఉంటుందని హామీ. అన్నింటి మీదా రాయవచ్చు, పేజ్ టేబుళ్ల మీద తప్ప. 64 బిట్ల గెస్ట్ లేచేసరికే పేజింగ్ నడుస్తూ ఉంటుంది. ఉత్త యంత్రం మీద లేచే కెర్నల్ చెమటోడ్చి చేసుకునే పని ఇక్కడ ముందే చేసిపెట్టి ఉంటుంది. పరిచయ పత్రం ఎక్కడుందో ఒక రిజిస్టర్ చూపిస్తుంది. ఇంత మర్యాదగా నిద్రలేపే ఏర్పాటు మరోచోట అరుదు.

అయితే మర్యాదకు ఖర్చుంది. పేజీల జాబితానే తీసుకోండి. గెస్ట్ తన పేజీలను సున్నా నుంచి వరుసగా లెక్కపెట్టుకుంటుంది. అసలు యంత్రంలో అవి చెల్లాచెదురుగా ఉంటాయి. రెంటికీ లంకె ఈ జాబితా. 4 కేబీ పేజీ ఒక్కింటికి 8 బైట్లు. 64 జీబీ గెస్ట్‌కు జాబితా ఒక్కటే 128 ఎంబీ. పేజీలు చెదిరి ఉన్నాయి కనుక 2 ఎంబీ పెద్ద పేజీలతో మ్యాప్ చేసుకునే వీలుండదు. మొత్తం మెమరీని 4 కేబీ ముక్కలతోనే మ్యాప్ చేయాలి, ఆ పేజ్ టేబుళ్లకు ఇంకో 128 ఎంబీ. లినక్స్ ఈ జాబితాను మూడంతస్తుల చెట్టుగా అమర్చుకున్నంత కాలం గెస్ట్ మెమరీ 512 జీబీ దాటలేకపోయింది, ఎందుకంటే అంతస్తుకు 512 కొమ్మల చొప్పున మూడంతస్తులు మోయగలిగింది అంతే. ఆ గోడ 2015లో గానీ పడలేదు. ఇవి కనబడే ఖర్చులు. రాసి ఉన్న షరతు ఎంత బరువైనా లెక్కగట్టవచ్చు, మోయవచ్చు, ఒకనాటికి దించుకోవచ్చు.

రాయని షరతు సంగతి వేరు. పేజ్ టేబుల్‌గా వాడుతున్న ఏ పేజీకీ రాయగల మ్యాపింగ్ మరెక్కడా ఉండకూడదన్నది జెన్ నియమం. కారణం సబబైనదే. గెస్ట్ పేజ్ టేబుల్‌నే ప్రాసెసర్ నేరుగా చదువుతుంది కనుక, అందులో పక్క గెస్ట్ మెమరీకి దారి లేదని జెన్ ముందు తనిఖీ చేయాలి, తనిఖీ తర్వాత దాన్ని ఎవరూ దిద్దకుండా చూడాలి. ఇక లినక్స్ వైపు చూడండి. బూట్ సమయంలో అది తన మెమరీ అంతటినీ మ్యాప్ చేసుకుంటుంది. ఆ పనికి ఎన్ని పేజ్ టేబుళ్లు కావాలో ముందే అంచనా వేసి, అంత జాగా కేటాయించుకుని, అందులోంచి ఒక్కో పేజీ తీసి వాడేది ఆనాటి కోడ్. 2010 చివర్లో ఒక మార్పు ఈ జాగాను మెమరీ పైభాగానికి తరలించింది. ఉత్త యంత్రం దృష్టితో అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ జాగా పైకి వెళ్లడంతో, మ్యాప్ చేస్తూ చేస్తూ కెర్నల్ ఆ జాగా దాకా కూడా వచ్చి దాన్నీ మ్యాప్ చేయసాగింది. అప్పటికే పేజ్ టేబుళ్లుగా మారిన పేజీలను చదవడానికి మాత్రమే అన్న గుర్తుతో మ్యాప్ చేసింది, బాగానే ఉంది. ఇంకా మారనివాటిని మామూలు మెమరీలా రాయగలిగేట్టు మ్యాప్ చేసింది. మరుక్షణం వాటిలో ఒకటి పేజ్ టేబుల్ అయింది. జెన్ చూసింది, రాయగల మ్యాపింగ్ కనబడింది, కుదరదంది. గెస్ట్ లేవకుండానే పడిపోయింది.

దీన్ని దిద్దిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. కేటాయించిన జాగా మొత్తాన్నీ చదవడానికి మాత్రమే అని మార్చేశారు. అప్పుడు అంచనా కంటే తక్కువ టేబుళ్లతో పని ముగిస్తే, మిగిలిన పేజీలు మామూలు మెమరీలోకి తిరిగి వెళ్లేవి, కానీ నుదుట ఆ గుర్తుతోనే. తర్వాతెప్పుడో ఏ పాపమూ ఎరగని కోడ్ ఒకటి ఆ పేజీ అడిగి తీసుకుని రాయబోతే కుప్పకూలేది. అందుకని మ్యాపింగ్ పూర్తయ్యాక మిగిలిన పేజీలకు గుర్తు చెరిపే మరో హుక్‌ను 2011లో జోడించారు. కెర్నల్ ఉమ్మడి కోడ్ మధ్యలో, జెన్ కోసం మాత్రమే అర్థం ఉన్న పిలుపు అది. అది ఎప్పుడు రావాలి, వచ్చేనాటికి ఏది నిజమై ఉండాలి, వెళ్లాక ఏది నిజమవ్వాలి అన్నది ఉమ్మడి కోడ్ చదివేవాడికి కనబడదు. అసలు మందు 2012 చివర్లో రాసిన మార్పుల వరసతో పడింది. అంచనా వేయడమే మానేసి, పైనుంచి చిన్న ముక్క ఒకటి మ్యాప్ చేసి, ఆ మ్యాప్ అయిన మెమరీలోంచే తర్వాతి ముక్కకు పేజ్ టేబుళ్లు తీసుకునే పద్ధతి వచ్చింది. దానితో, పేజ్ టేబుల్ అవబోయే పేజీ ఏ స్థితిలో ఉంటుందో కోడ్ ఆకారంలోనే తెలుస్తుంది. ఉత్త యంత్రానికీ ఇదే మెరుగు, ఎందుకంటే పాత అంచనాలు అక్కడ కూడా తప్పేవి. జెన్ బాధ తీర్చబోయి సొంత ఇల్లు చక్కబెట్టుకున్నారన్నమాట.

ఇక్కడ మాయ పక్షంవారు లేచి, మీ గొడవంతా నిజం చెప్పబోవడం వల్లనే వచ్చింది కదా అంటారు. 2008 ప్రాంతానికి ప్రాసెసర్లలోకే రెండో అంచె అడ్రసు మార్పిడి వచ్చేసింది. గెస్ట్ తన పేజ్ టేబుళ్లు తన ఇష్టప్రకారం రాసుకుంటుంది, కింద హైపర్‌వైజర్ తన పట్టిక తాను నడుపుకుంటుంది, ఎవరి గొడవ వారిది. అమెజాన్ ఈసీ2 2006లో జెన్ మీద మొదలై, 2017లో కేవీఎం అనే మరో హైపర్‌వైజర్ పునాదిగా ఉన్న నైట్రో వైపు తిరిగింది; 2022 నవంబరులో హైదరాబాద్‌లో ఆ సంస్థ క్లౌడ్ ప్రాంతం తెరిచేనాటికి ఆ మలుపు తిరిగి ఐదేళ్లు. 32 బిట్ల జెన్ గెస్ట్ పాత పద్ధతిని లినక్స్ 2020లో తీసేసింది. మాయే గెలిచిందని ఒప్పుకోక తప్పదు, గెలుపు న్యాయమైనదే కూడా. రెండంచెల అడ్రసు మార్పిడి చెత్త సందర్భంలో ఒక్క అడ్రసు కోసం 24 సార్లు మెమరీ తలుపు తట్టిస్తుంది, అయినా పెద్ద పేజీలూ కాషేలూ ఆ నొప్పిని చాలావరకు మింగేస్తాయి.

కానీ గెలిచిన మాయ పూర్తి మాయ కాదు. అలా ఉండగలిగింది ఎన్నడూ లేదు. వీఎం/370 కాలంలోనే ఐబీఎం తన ఓఎస్/వీఎస్1కు హ్యాండ్‌షేకింగ్ అనే పలకరింపు నేర్పింది. పేజీ దొరకక ఆగాల్సి వచ్చినప్పుడు కింది వ్యవస్థ కబురు పంపితే, పైది ఈలోగా మరో పని చూసుకునేది. నేటి లినక్స్ కూడా లేవగానే సీపీయూఐడీ ఆదేశంతో ‘కింద ఎవరైనా ఉన్నారా’ అని అడుగుతుంది, ఉన్నవారు పేరు చెబుతారు. మెమరీ విషయంలో మాయ ఎక్కడ చిరుగుతుందో జెన్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. గెస్ట్‌కు 4 జీబీ ఉందని పత్రం ఇచ్చి, నిజంగా 2 జీబీయే ఇచ్చి లేపవచ్చు; మిగతాది లేనట్టు చూసే పని గెస్ట్ లోపల తర్వాత లేచే బెలూన్ డ్రైవర్‌ది. ఈ ఏర్పాటు బతికేది ఒక్క షరతు మీద: డ్రైవర్ లేచేలోపు గెస్ట్ ఆ 2 జీబీ దాటి తాకకూడదు. కానీ కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు లేస్తూనే మెమరీ అంతటినీ సున్నాలతో కడుగుతాయి. అందుకని జెన్ గెస్ట్ పేజీల్లో ఉత్త సున్నాలున్నవి వెతికి, వెనక్కి లాక్కుని, వేరే చోట ఇస్తుంది. అదీ చాలకపోతే గెస్ట్‌ను చంపేస్తుంది. పత్రంలో ఎక్కడా లేని షరతు మీరినందుకు మరణదండన! పాపం, ఆ గెస్ట్ చేసిన నేరమల్లా తన పేరిట రాసిన మెమరీని వాడుకోబోవడమే.

ఇదంతా బగ్గుల చరిత్ర, ప్రతి పెద్ద ప్రోగ్రాంలోనూ ఉండేదే, దీనికింత తత్త్వం అక్కర్లేదని ఇంకొకరు అనవచ్చు. బగ్గులు అంతటా ఉంటాయి, నిజమే. కానీ బూట్ తొలి దశకు ఒక ప్రత్యేకత ఉంది. మిగతా చోట్ల రాయని షరతు మీరితే హెచ్చరించే యంత్రాంగం ఉంటుంది. ఫాల్ట్ వస్తుంది, హ్యాండ్లర్ పట్టుకుంటుంది, లాగ్‌లో ఒక వరుస పడుతుంది. ఇక్కడ ఆ హ్యాండ్లరే ఇంకా పుట్టలేదు, లాగ్ పడాల్సిన కన్సోల్ ఇంకా లేదు. తప్పు జరిగితే మౌనమే. కాబట్టి షరతులు ముందే, బయట, కాగితం మీద ఉండాల్సిన అవసరం ఇక్కడున్నంతగా మరెక్కడా లేదు. జెన్ వాళ్లు తర్వాత తెచ్చిన పీవీహెచ్ పద్ధతి ఈ పాఠం నేర్చినట్టే కనబడుతుంది. గెస్ట్ 32 బిట్ల స్థితిలో, పేజింగ్ ఆపేసి లేస్తుంది. ఈబీఎక్స్ రిజిస్టర్‌లో పరిచయ పత్రం అడ్రసు, ఆ పత్రం మొదట్లో గుర్తింపు సంఖ్య, లోపల మెమరీ పటం. చెప్పిన నిజం తక్కువ, హామీలూ తక్కువ, కానీ ఉన్నవన్నీ కనబడే చోటే ఉన్నాయి. గొప్పగా కనిపించే పాత మర్యాద కంటే ఈ పొడి పలకరింపే నాకు నచ్చుతుంది.

ఇటీవలి రహస్య గణన (కాన్ఫిడెన్షియల్ కంప్యూటింగ్) వచ్చి కథను తలకిందులు చేసింది. ఇంటెల్ టీడీఎక్స్, ఏఎండీ ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీల మీద లేచే గెస్ట్ హైపర్‌వైజర్‌ను శత్రువుగానే ఎంచుతుంది. పత్రంలో ర్యామ్ అని ఉన్నంత మాత్రాన వాడదు. ఒక్కో పేజీని తానే ‘స్వీకరించాను’ అని ప్రాసెసర్ సాక్షిగా ప్రకటించాలి, ఆ తర్వాత హైపర్‌వైజర్ దాన్ని చాటుగా మార్చితే బయటపడుతుంది. ఇక నమ్మకంతో పని లేదని కొందరు సంబరపడతారు గానీ, నమ్మకం హైపర్‌వైజర్ నుంచి ప్రాసెసర్ తయారీదారు దగ్గరికి చేరింది, అంతే. మెమరీ అంతా లేచేటప్పుడే స్వీకరించాలంటే పెద్ద గెస్టులకు బూట్ సాగిపోతుంది కనుక, స్వీకరించని మెమరీ అనే కొత్త రకాన్ని యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్ ప్రమాణంలో చేర్చారు; దాన్ని అవసరమైనప్పుడే స్వీకరించే ఏర్పాటు 2023లో లినక్స్‌లోకి వచ్చింది. 2 ఎంబీకి ఒక బిట్ చొప్పున బిట్‌మ్యాప్. 64 జీబీకి ఒక్క 4 కేబీ పేజీ సరిపోతుంది. ఇంతవరకు అంతా రాసి ఉన్నదే. రాయనిది మళ్లీ ఊహించని మూల నుంచి వచ్చింది. ఫైళ్ల పేర్లు పోల్చేటప్పుడు వేగం కోసం లినక్స్ 8 బైట్లు ఒకేసారి చదువుతుంది. పేరు పేజీ అంచున ముగిస్తే ఆ చదువు పక్క పేజీలోకి తొంగిచూస్తుంది. అక్కడ మ్యాపింగ్ లేకపోతే ఫాల్ట్ వస్తుంది, దాన్ని పట్టుకుని సున్నాలు నింపుకుని సాగిపోతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ నష్టం చేయని అలవాటు. స్వీకరించని పేజీకి మాత్రం మ్యాపింగ్ ఉంటుంది. తొంగిచూస్తే గెస్ట్ పట్టుకోగల ఫాల్ట్ రాదు, అదుపు నేరుగా హైపర్‌వైజర్‌కు పోతుంది, అక్కడితో గెస్ట్ ఆయువు తీరుతుంది. అందుకని కెర్నల్ ఇప్పుడు ఏ ముక్కను స్వీకరించినా, అది 2 ఎంబీ హద్దు దగ్గర ముగిస్తే దాని పక్కనున్న మరో 2 ఎంబీని కూడా కలిపి స్వీకరిస్తుంది. అలా ఎందుకు చేయాల్సి వచ్చిందో కోడ్‌లో ఆ వరుసల పైనే వ్యాఖ్యగా రాసిపెట్టారు.